కవచం తొడిగి చూచినవారి చదువు

మన కవులు యుద్ధఘట్టానికి వచ్చేసరికి ఒక్క మాటతో పని జరిపించుకొంటారు. వీరుడు కవచం ధరించి రథమెక్కాడంటారు. ఆ వెంటనే శంఖారావాలు, శరపరంపరలు. ఆ కవచం ధరించడానికి ఎంతసేపు పట్టినది, వెనుక పట్టీలు బిగించినది ఎవరు, ఎక్కడ ఒరుసుకొన్నది, దాహం ఎప్పుడు వేసినది అని అడిగే వ్యవధి శ్రోతకు ఉండదు. ఇరవై అయిదేళ్లకు పైగా ఆ మాటను తరగతిలో చదువుతూ, చదివిస్తూ వచ్చిన నేను కూడా అడుగలేదు. అడిగినవాడు ఒక విద్యార్థి.

అది సుమారు ఇరవై సంవత్సరాల క్రిందటి మాట. డిగ్రీ తరగతిలో యుద్ధపర్వం చెబుతూ, ప్రసక్తి వచ్చి, ఐరోపాలోని నైటుల ముచ్చట ఎత్తుకొన్నాను. చదువుకొనే రోజులలో చూచిన చలనచిత్రం ఒకటి మనస్సులో మెదిలినది. లారెన్స్ ఒలీవియర్ 1944లో తీసిన ‘ఐదవ హెన్రీ’ అది. అందులో కవచధారి అయిన ఫ్రెంచి యోధుణ్ణి కప్పీతో పైకెత్తి గుర్రంమీదికి దించుతారు. ఆ దృశ్యాన్ని వర్ణించి, “క్రింద పడ్డాడంటే వెల్లకిల పడిన తాబేలే, మళ్లీ లేవలేడు” అన్నాను. తరగతి నవ్వినది. వెనుక బల్లమీది కుర్రవాడొకడు లేచి, “మాస్టారూ, పడితే లేవలేనివాడు యుద్ధానికి ఎందుకు పోతాడండీ? ఇంటివద్దనే ఉండవచ్చు గదండీ!” అన్నాడు. తరగతి ఇంకా గట్టిగా నవ్వినది. నేనూ నవ్వి పుట త్రిప్పాను.

సమాధానం నాకు చాలా ఏళ్ల తరువాత దొరికినది. ఐరోపాలోని పూర్వపు యోధుల కవచాలను తమ చేతులతో చేసుకొని, వాటిని తొడుక్కొని, ఒకరితో ఒకరు తలపడేవారు నేడు అనేక దేశాలలో ఉన్నారు. ఈ విద్యను చారిత్రక పునరభినయం అనవచ్చును. వీరు సైనికులు కారు. వారమంతా వేరువేరు ఉద్యోగాలు చేసుకొని, సెలవునాడు సమ్మెట పట్టే గృహస్థులు. వారి శ్రమను గురించి చదివినకొద్దీ, నేను తరగతిలో చెప్పినది ఎంత తప్పో తెలియవచ్చినది.

ఈ ముచ్చట మొదట వేషంగానే ఆరంభమైనది. వాల్టర్ స్కాట్ వ్రాసిన ‘ఐవాన్హో’ వంటి నవలలు చదివి ప్రభువులు పాతకాలపు శౌర్యాన్ని కలలుగనే రోజులవి. స్కాట్లండులో ఎగ్లింటన్ ప్రభువు 1839 ఆగస్టులో తన భూములలో ఈటెల పోటీ ఒకటి ఏర్పాటు చేశాడు. లండనులోని ప్రాట్ అనే వ్యాపారి కవచాలు సమకూర్చాడు. లక్షమంది వరకు జనం కూడారని చెబుతారు. మొదటినాడే కుంభవృష్టి కురిసినది. మైదానం బురదమయమైనది. పోటీకి వచ్చిన ఒక ప్రభువు నెత్తిమీద గొడుగు పట్టుకొన్నాడు. వాన తగ్గిన తరువాత పోటీ జరిగినప్పటికీ లోకం గొడుగునే జ్ఞాపకం ఉంచుకొన్నది. ఆ ప్రభువులు కవచాన్ని అంగడిలో కొన్నారే గాని, చేసి ఎరుగరు. చేయనివానికి అది వేషమే.

చేసేవారు తరువాతి కాలంలో వచ్చారు. 1966 మే 1వ తేదీన అమెరికాలోని బర్క్‌లీలో, ఒక ఇంటి పెరటిలో, మధ్యయుగ చరిత్రపై మక్కువ గల కొందరు యువకులు పోటీ పెట్టుకొన్నారు. ‘సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజం’ అనే సంస్థకు అదే బీజం. వారు ఉక్కుకత్తికి బదులు పేముకర్ర వాడుతారు. కాని దెబ్బ నిజమైనదే గనుక కవచమూ నిజమైనదే కావాలి. శిరస్త్రాణపు రేకు కనీసం ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉండాలని నియమం. పోలెండులో 1410 జూలై 15న జరిగిన గ్రున్‌వాల్డ్ యుద్ధాన్ని 1998 నుండి అక్కడి మైదానంలో జూలై మాసంలో పునరభినయిస్తున్నారు. 2010లో ఉక్రెయిన్‌లోని ఖోతిన్ కోటవద్ద మొదలైన మరొక పోటీలో మొద్దుచేసిన ఉక్కు ఆయుధాలతోనే కొట్టుకొంటారు.

ఇక చేయడం సంగతి. ముందు దేహం కొలుచుకొని, అట్టతో నమూనా కత్తిరించి, దానిని ఇనుపరేకు మీద గీచుకోవాలి. కత్తిరించిన రేకును దుంగలో తొలిచిన గుంటమీద పెట్టి సమ్మెటతో మోదితే అది దొప్పవలె లోతు తిరుగుతుంది. తరువాత ఇనుపదిమ్మెమీద వంపులు సరిచేసి, నున్నని చిన్న సుత్తితో వేలకొలది మెత్తని దెబ్బలు వేసి ఎగుడుదిగుడులు పోగొట్టాలి. దెబ్బలు తిన్న లోహం బిరుసెక్కుతుంది. అప్పుడు దానిని కాల్చి మళ్లీ మెత్తబరచుకోవాలి. అంచులు కోయకుండా లోపలికి చుట్టాలి. మోచేయి, మోకాలు వచ్చేచోట అయిదారు చిన్న రేకులను రొయ్యపెంకు వలె ఒకదానిపై ఒకటి ఎక్కేటట్లు రివెట్లతో కూర్చాలి. రివెట్టు బిగిస్తే కాలు వంగదు; వదులు చేస్తే సందులో కత్తిమొన దూరుతుంది. ఆ రెండింటి నడుమ ఉన్న వెంట్రుకవాసిలోనే కవచకారుని విద్య అంతా ఉన్నది.

గొలుసుకవచం మరొక తపస్సు. తీగను కడ్డీకి చుట్టి, ఉంగరాలుగా కోసి, ఒక్కొక్క ఉంగరాన్ని నాలుగు ఉంగరాలలోనుంచి దూర్చి, కొనలు చదునుచేసి, బెజ్జం పెట్టి, రివెట్టు వేయాలి. ఒక చొక్కాకు అటువంటివి వేలూ పదివేలూ కావాలి. తొందరపడేవారు రివెట్టు మాని కొనలను ఊరికే కలిపి వదిలివేస్తారు. అది చూడడానికి కవచమే గాని, గట్టి పోటుకు నోరు తెరుస్తుంది.

క్రొత్తగా నేర్చుకొనేవారందరూ చేసే తప్పు ఒకటున్నది. ఇనుముమీద ఉన్న శ్రద్ధ దానిక్రింది గుడ్డమీద ఉండదు. దూదికూరి కుట్టిన బొంత వంటి చొక్కా లోపల లేకపోతే రేకుమీద పడిన దెబ్బ ఎముకకు తిన్నగా చేరుతుంది. రేకు కత్తికి అడ్డం. బొంత అదురుకు అడ్డం. చేతుల కవచమూ, కాళ్ల కవచమూ ఆ చొక్కాకే దారాలతో కట్టుకొంటారు. బరువంతా భుజాలమీద వ్రేలాడితే గంటలోపల మెడ లాగుతుంది. నేర్పరి దానిని నడుముమీద, తుంటిమీద కూర్చుండబెడతాడు. మన ఆడవారు నీళ్లబిందెను చంకన ఎత్తుకొని తుంటికి ఆనించే కిటుకు ఇదే. ఎవరి కవచం వారికే కుదరాలి; ఒకరిది ఒకరికి కుదరదు. కర్ణుడు కవచంతో పుట్టాడని మనం చదువుకొంటాము. మిలాను, ఆగ్స్‌బర్గు నగరాల కవచకారులు తరతరాలుగా సాధింపబూనినది ఆ కథలోని సంగతినే. పుట్టుకతో వచ్చినట్లు దేహానికి అమరే ఇనుమును చేయాలని వారి పట్టుదల.

ఎలా తొడగాలో చెప్పే ఆంగ్ల వ్రాతప్రతి ఒకటి 15వ శతాబ్దినుండి నిలిచి ఉన్నది. ముందు పాదాలు, తరువాత పిక్కలు, తొడలు, అటుపిమ్మట మొండెం, చేతులు, ఇలా క్రిందినుండి పైకి తొడగాలని అందులో ఉన్నది. ‘ఆపాదమస్తకం’ అని మనం అలవాటుగా అనే మాట ఇక్కడ అక్షరాలా పాటింపవలసిన వరుస. ముందుగా మొండెం బిగించుకొన్నవానికి వంగి పాదరక్ష కట్టుకోవడం కష్టం. ఆ పని ఒంటరిగా అయ్యేదీ కాదు. వీపు వెనుక పట్టీ బిగించడానికి మరొక మనిషి కావాలి. ఎంతటి వీరుడైనా రణరంగానికి పోయేముందు మరొకరికి వీపు అప్పగించి నిలువవలసినదే.

ఇప్పుడు బరువు మాట. 15వ శతాబ్దిలో యుద్ధానికి తొడిగిన పూర్తి కవచం సాధారణంగా 20 నుండి 25 కిలోలు. అది ఒళ్లంతా పంపకమై ఉంటుంది. వినోదపు ఈటెల పోటీకి ప్రత్యేకించి చేసిన కవచాలు 40 కిలోలు దాటినవి కూడా ఉన్నవి. యుద్ధకవచాన్ని గురించిన అపోహకు అవి కొంత కారణం. నేడు కవచం తొడిగినవారు పరుగెత్తుతున్నారు, పడుతున్నారు, లేస్తున్నారు, గుర్రమెక్కుతున్నారు. ఫ్రెంచి సేనాని బూసికో జీవితచరిత్ర 15వ శతాబ్ది ఆరంభంలో వ్రాయబడినది. ఆయన శిరస్త్రాణం మినహా కవచమంతా తొడిగి పల్టీలు కొట్టేవాడనీ, నిచ్చెన అడుగువైపునుండి కేవలం చేతుల బలంతో ప్రాకేవాడనీ అందులో ఉన్నది. పూర్వం దీనిని అతిశయోక్తి అలంకారమని త్రోసివేయడం సులభం. నేడు తొడిగి చూచినవారు అలా త్రోసివేయరు.

అయితే కవచం సుఖమని కాదు. 2011లో లీడ్స్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రాహమ్ ఆస్క్యూ, ఆయన సహచరులు, పాత నమూనా కవచాలు తొడిగిన మనుషులను యంత్రపు పట్టామీద నడిపించి, పరుగెత్తించి, వారి శ్వాసను కొలిచారు. ఆ కవచాలు 30 నుండి 50 కిలోల బరువు. నడకకు మామూలుకంటె రెండింతలు మించిన శక్తి ఖర్చయినది. అదే బరువు వీపున మూటగా ఉంటే అంత ఖర్చు కాదు. అడుగడుగునా ఎత్తి ముందుకు వేయవలసిన కాళ్లమీద ఏడెనిమిది కిలోల ఇనుము ఉండడమే ఇందుకు కారణం. రొమ్ముకు బిగించిన రేకువల్ల ఊపిరి నిండుగా ఆడక పైపైని శ్వాసలే తీయవలసి వచ్చినది. 1415 అక్టోబరు 25న ఆజిన్‌కూర్ యుద్ధంలో ఫ్రెంచి యోధులు దున్నిన తడినేలలో దిగబడుతూ నడచిపోయారు. వారి ఓటమికి కారణాలు పెక్కు ఉండవచ్చును. శత్రువును చేరకముందే వారి ఊపిరి సగం అయిపోయినదని ఈ ప్రయోగం మనకు చెబుతున్నది. పల్టీలు కొట్టిన ఆ బూసికో ఆనాడే పట్టుబడి, ఇంగ్లండులో బందీగానే 1421లో మరణించాడు.

పేముకర్రలతో పోరాడేవారి నియమం ఒకటి నాకు మిక్కిలి నచ్చినది. దెబ్బ గట్టిగా తగిలిందా లేదా అని తీర్పు చెప్పేది కొట్టినవాడు కాదు, చూచేవాడూ కాదు, దెబ్బ తిన్నవాడే. కాలికి తగిలినదని తనకు తెలిస్తే తానే మోకాళ్లమీదికి దిగి పోరు సాగిస్తాడు. తలకు తగిలితే తానే పడిపోతాడు. ఎవరూ చూడని తప్పును తానే ఒప్పుకోవడం అలవరచే క్రీడలు పిల్లలకు ఎన్ని ఉన్నవో ఉపాధ్యాయులే చెప్పాలి.

ఇంతవరకు వ్రాసి ఆగితే ఇది వినోదకథ అవుతుంది. కాని నేడు పునరభినయంలో తొడిగే కవచాలలో అనేకం ఎక్కడినుండి వచ్చినవో కూడా చెప్పవలసి ఉన్నది. 1361 జూలైలో డేన్‌మార్కు రాజు వాల్దెమార్ గోట్లండు ద్వీపంపై దండెత్తాడు. విస్బీ పట్టణపు గోడల వెలుపల ఆ ద్వీపపు రైతులు ఆయన సైన్యానికి ఎదురునిలిచి కూలిపోయారు. ఎండకాలం. శవాలు వేయికి మించినవి. కవచాలు ఊడదీసే వ్యవధి లేక, అనేకులను తొడిగినవి తొడిగినట్లే గోతులలో పూడ్చివేశారు. 1905 మొదలు 1930 వరకు విడతలుగా ఆ గోతులు త్రవ్వితే 1,185 మంది అస్థికలు బయటపడినవి. వారిలో ఇంకా ఎదుగుతున్న కుర్రవాళ్లు ఉన్నారు, వృద్ధులు ఉన్నారు. చాలమందికి మోకాలి దిగువ ఎముకలమీద కత్తిగాట్లు. మొండానికి కవచం ఉన్నవానికీ కాళ్లకు లేదు. వస్త్రం లోపల చిన్న ఇనుపరేకులను రివెట్లతో కూర్చిన ఆ కవచాలను బెంగ్ట్ తోర్దెమాన్ కొలిచి, చిత్రించి, 1939–40లో గ్రంథంగా వెలువరించాడు. ఆ కొలతలను బట్టే నేటి ఔత్సాహికులు రేకులు కత్తిరించుకొంటున్నారు.

నేటి పోటీలో పడినవానికి ఎదిరివాడే చేయి అందిస్తాడు. ఇద్దరూ శిరస్త్రాణాలు తీసి, చెమట తుడుచుకొని, ఒకే కూజాలోని నీళ్లు త్రాగుతారు. విస్బీ కుర్రవాడికి ఆ చేయి అందలేదు. బరువు, వేడి, ఊపిరి, చూపు ఆనని సన్నని సందు, వీటిని తొడిగినవారు తెలుసుకోగలరు. రేపు ఉదయం ఉంటామో లేదో తెలియని రాత్రి ఎలా ఉంటుందో ఏ కవచమూ చెప్పదు. తొడిగినవారిలో ఆలోచనపరులు ఈ మాట తామే ఒప్పుకొంటారు. దెబ్బ తిన్నవాడే తీర్పు చెప్పే నియమం నేర్చినవారికి అది కష్టం కాదు.

నేను కవచం తొడుగలేదు. ఈ వయస్సులో తొడుగబోను. కాని నా పాఠం కొంత మారినది. ఇప్పుడు తరగతిలో ‘కవచం ధరించి’ అనే మాట వస్తే పుస్తకం మూస్తాను. ఒక విద్యార్థి వీపున పుస్తకాల సంచీ తగిలించి వరండా చివరిదాకా నడిచి రమ్మంటాను. తరువాత అవే పుస్తకాలను రెండు మూటలు చేసి కాళ్లకు కట్టి మళ్లీ నడవమంటాను. తిరిగివచ్చినవాడు ఏమి చెబుతాడో తక్కినవారు వింటారు. తరువాత పద్యం చదువుకొంటాము. పడితే లేవలేనివాడు యుద్ధానికి ఎందుకు పోతాడని ఆనాడు అడిగిన కుర్రవాడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. ఈ పత్రిక చదివే అలవాటు అతనికి ఉంటే, నాయనా, నీ ప్రశ్న సరియైనది. వారు లేవగలిగేవారే. తప్పు చెప్పినది నేను.