తొట్టిలో నాచు వేరు, కొండ చిత్తడిలో స్ఫాగ్నం వేరు

హోసూరు, బెంగళూరు వైపు మన ఇళ్ల మిద్దెల మీద ఈమధ్య ఆర్కిడ్ కుండీలు ఎక్కువగా కనిపిస్తున్నాయి. వాటితోపాటు నర్సరీ నుంచి 'మాస్' పొట్లాలూ ఇంటికి వస్తున్నాయి. ఊటీకో కొడైకెనాల్‌కో వెళ్లినప్పుడు, తడినేల మీద పచ్చగా, మెత్తగా కనిపించినదాన్ని సంచిలో వేసుకొచ్చేవాళ్లూ ఉన్నారు. మేమూ ఒకసారి ఆ పని చేశాం. వారం తిరిగేలోగా అది కుళ్లి కంపు కొట్టింది. తెచ్చినది ఏమిటో తెలియకుండా తెచ్చామని ఆ తర్వాత అర్థమైంది. అందుకే తెలుసుకున్న నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాం.

పేరు దగ్గరే తికమక

మనం నాచు అంటాం, పాచి అంటాం. కన్నడలోనూ పాచి అనే అంటారు. తమిళంలో అది పాసి, మరాఠీలో శేవాళ్. ఈ మాటలన్నీ రెండు వేర్వేరు జీవులకు వాడుకలో ఉన్నాయి. తొట్టిలో, చెరువులో జిగురుగా తేలే పచ్చటి పోగులు శైవలాలు. వాటికి కాండం, ఆకు అనే తేడా ఉండదు. వానాకాలం ప్రహరీ గోడ మీద ముఖమల్‌లా పరుచుకునేది మాస్. దానికి చిన్న కాండం, చుట్టూ బుల్లి ఆకులు ఉంటాయి, నిజమైన వేళ్లు మాత్రం ఉండవు. నీటి మీద తేలే అజొల్లా ఈ రెండూ కాదు, అది ఫెర్న్ జాతి. అంతర తామర, గుర్రపు డెక్క పూలు పూసే మొక్కలు.

స్ఫాగ్నాన్ని గుర్తుపట్టేది ఇలా

మాస్‌లలో చిత్తడి నేలకే పేరుపడినది స్ఫాగ్నం. ప్రపంచంలో దీని రకాలు 300కు పైగా ఉన్నాయి. ఏ రకమైనా ఈ గుర్తులు కనిపిస్తాయి.

ఒకటి, తల. కాండం చివర లేత కొమ్మలన్నీ దగ్గరగా చేరి, పైనుంచి చూస్తే చిన్న పువ్వులా ఉంటుంది. మామూలు గోడ నాచుకు ఇలాంటి తల ఉండదు.

రెండు, కొమ్మల గుత్తులు. కాండం వెంట కొమ్మలు గుత్తులుగా వస్తాయి. ఒక్కో గుత్తిలో కొన్ని పక్కకు చాచుకుంటే, కొన్ని కాండానికి ఆనుకుని కిందికి వేలాడతాయి.

మూడు, ఆకు. భూతద్దంతో చూడండి. చాలా మాస్‌ల ఆకులో నడుమ ఈనె ఉంటుంది. స్ఫాగ్నం ఆకులో ఈనె ఉండదు.

నాలుగు, పిండడం. తడిగా ఉన్నదాన్ని పిడికిట్లో పిండితే స్పాంజిలా నీళ్లు కారతాయి. ఎండితే రంగు పాలిపోయి తెల్లబడుతుంది. తన ఎండు బరువుకు 15 నుంచి 20 రెట్ల నీటిని పట్టుకోగలదు. దాని ఆకుల్లో ఖాళీగా ఉండే చచ్చిన కణాలే నీటి కుండలు. వాటి మధ్య సన్నటి పచ్చ కణాలు ఆహారం తయారుచేస్తాయి. ఈ గుణం వల్లే మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో దీన్ని గాయాలకు కట్టు కట్టడానికి వాడారు.

ఇది స్ఫాగ్నమే అని ఇంతవరకు మనమే చెప్పవచ్చు. ఏ రకమో చెప్పాలంటే సాధారణంగా మైక్రోస్కోపు కావాలి. కొన్ని మాత్రం కంటికే చిక్కుతాయి. స్ఫాగ్నం స్క్వారోసమ్ అనే రకంలో కొమ్మల ఆకుల కొనలు ఒక్కసారిగా బయటికి వంగి ఉంటాయి. చూడటానికి ముళ్లముళ్లుగా అనిపిస్తుంది. తక్కువ పులుపున్న తడినేలల్లో, చెట్ల నీడ పట్టున పెరుగుతుంది. కాబట్టి ఎక్కడ దొరికిందన్నది కూడా గుర్తే. మొక్కతోపాటు చోటునూ రాసిపెట్టుకోవాలి.

తన ఇల్లు తానే కట్టుకుంటుంది

స్ఫాగ్నానికి చల్లదనం, ఎప్పుడూ ఆరని తడి, లవణాలు తక్కువగా ఉన్న నీళ్లు కావాలి. అది నీటిలోని లవణాలను పీల్చుకుని, బదులుగా ఆమ్లాన్ని వదులుతుంది. చుట్టూ నీళ్లు పుల్లబడతాయి, ఇతర మొక్కలు తట్టుకోలేవు. పైభాగం పెరుగుతూ ఉంటే కింది భాగం చచ్చిపోతుంది. గాలి అందని ఆ పుల్లటి తడిలో అది పూర్తిగా కుళ్లదు. అలా పేరుకున్నదే పీట్. చాలాచోట్ల ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పునే పెరుగుతుంది. అంటే మనిషి ఎత్తు పీట్ పేరుకోవడానికి వెయ్యేళ్లు దాటుతుంది.

పీట్ నేలలు భూభాగంలో 3 శాతమే. కానీ ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటిలో కంటే వాటిలో ఎక్కువ కార్బన్ దాగి ఉంది. తవ్వినా, నీళ్లు తీసేసినా ఆ కార్బన్ గాలిలో కలుస్తుంది.

మనకు దగ్గరలో నీలగిరి లోయల అడుగున పీట్ ఉంది. అది స్ఫాగ్నం కంటే గడ్డి, తుంగ జాతి మొక్కల వల్ల ఏర్పడినదే ఎక్కువ. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన రామన్ సుకుమార్, ఇతర శాస్త్రవేత్తలు ఆ పొరలను పరీక్షించి, 20,000 ఏళ్ల వానల, ఎండల చరిత్రను 1993లో ప్రచురించారు. తోడా ప్రజలు తమ గుడుల పైకప్పుకు కావలసిన గడ్డిని ఈ చిత్తడుల నుంచే తెచ్చుకుంటారు. పొలాలు, తేయాకు, తుమ్మజాతి, యూకలిప్టస్ తోటలు వచ్చాక ఆ చిత్తడులు చాలా తగ్గిపోయాయి. అక్కడినుంచి మనం తెచ్చే ఒక్క సంచి, మిగిలిన ఆ కాస్తలోంచి తీసినదే.

ఇంటికి ఏం చేయాలి

కొండ మీద కనిపించినదాన్ని ఫోటో తీసుకోండి, పీకకండి. మన ఎండలో అది ఎలాగూ బతకదు. కొన్న పొట్లం అసలుదో కాదో ఒక గుప్పెడు నానబెట్టి పైన చెప్పిన గుర్తులు చూడండి. స్ఫాగ్నాన్ని పట్టుకునేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. దానిలో ఉండే ఒక రకం బూజు, చర్మం మీది గీతల గుండా లోపలికి వెళ్లి పుండ్లు చేయగలదు. చక్కెర వ్యాధి ఉన్న పెద్దవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

చాలా ఆర్కిడ్లకు ఇటుక ముక్కలు, బొగ్గు, బాగా కడిగిన కొబ్బరి డొక్క ముక్కలు సరిపోతాయి. కొబ్బరి డొక్కకు మన వైపు ఏనాడూ కొదవ లేదు. అది మళ్లీ మరుసటి కాపుకే వస్తుంది. పీట్ రావాలంటే వెయ్యేళ్లు ఆగాలి.