గుడ్డులో దయ్యం

గుడ్డు ఉడకబెట్టడం రానివాళ్ళు కూడా ఉంటారా అని ఎవరైనా నవ్వితే, నాకు మెస్సు కమిటీలో పనిచేసిన రోజులు గుర్తుకొస్తాయి. ఒక వీడ్కోలు విందుకోసం నూటయాభై గుడ్లు ఉడకబెట్టాం. పెంకు తీసేసరికి సగం గుడ్లు చంద్రమండలంలా గుంటలు పడ్డాయి. కోసి చూస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చటి వలయం. "గుడ్డుకి నాచు పట్టిందిరోయ్!" అన్నాడొక మిత్రుడు. ఆనాడు అంతకన్నా పెద్ద పొరపాటు మరొకటి చేశాం. దాని సంగతి తర్వాత చెబుతాను.

మేము చెయ్యబోయింది డెవిల్డ్ ఎగ్స్ అనే అమెరికా వంటకం. గట్టిగా ఉడికిన గుడ్డును నిలువునా రెండు చెక్కలు చేసి, పచ్చసొన తీసి, దానిలో మయొనైజ్, ఆవముద్ద, వెనిగర్, కారం కలిపి మెత్తగా మెదిపి, తిరిగి అదే గుంటలో నింపుతారు. పైన చిటికెడు ఎర్రకారం చల్లి, చల్లగా తింటారు. అంతే. అమెరికాలో, ముఖ్యంగా దక్షిణ రాష్ట్రాలలో, ఈస్టర్ విందుకి గాని చర్చి భోజనాలకి గాని ఇది లేకపోతే పెద్ద లోటు. చెక్కలు దొర్లిపోకుండా గుంటలు గుంటలుగా చేసిన ప్రత్యేకమైన పళ్ళేలు కూడా అక్కడి ఇళ్ళల్లో కనిపిస్తాయి.

పేరులో ఈ దయ్యం ఎందుకొచ్చిందంటారా? పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇంగ్లీషువాళ్ళు 'డెవిల్' అనే మాటను వంటింటి మాటగా వాడడం మొదలుపెట్టారు. మిరియాలో ఆవాలో దట్టించి, నోరు మండేట్టు చేసిన దేనికైనా ఆ పేరు తగిలించేవారు. సైతాను పేరు చర్చి ఆవరణలో పలకడం ఇష్టంలేని భక్తులు దీన్నే 'స్టఫ్డ్ ఎగ్స్' అనో 'డ్రెస్డ్ ఎగ్స్' అనో పిలుచుకుంటారు. పేరు కొత్తదేగాని ఊహ పాతది. ప్రాచీన రోమన్ల విందు గుడ్డుతో మొదలై పళ్ళతో ముగిసేది. పదమూడో శతాబ్దంలో, ముస్లిముల ఏలుబడిలో ఉన్న స్పెయిన్‌లో రాసిన ఒక వంటపుస్తకంలో పచ్చసొనను కొత్తిమీర, ఉల్లిరసం, మిరియాలతో నూరి, గుడ్డులో కూరి, రెండు చెక్కల్నీ పుల్లతో గుచ్చే పద్ధతి ఉంది. మన వంకాయ కూరినట్టే! మయొనైజ్ కలపమని 1896లో ఫానీ ఫార్మర్ తన బోస్టన్ వంటల పుస్తకంలో రాసింది. ఆ తర్వాత అదే అలవాటైపోయింది.

ఇక అసలు పని. అన్నిటికన్నా ముందు గుడ్లు మరీ తాజావి కాకూడదు. ఈ మాట వింటే ఇంట్లో అమ్మలు ఒప్పుకోరు గాని, రసాయనశాస్త్రం అదే చెబుతోంది. కొత్త గుడ్డు తెల్లసొనలో కార్బన్ డయాక్సైడు కరిగి ఉంటుంది. పెంకుకున్న సన్నని రంధ్రాలలోంచి అది మెల్లగా బయటికి పోయేకొద్దీ తెల్లసొనకు క్షారగుణం పెరుగుతుంది. పి.హెచ్. 8 దగ్గర్నుంచి 9 పైకి పోతుంది. క్షారం తక్కువగా ఉన్నప్పుడు తెల్లసొన పెంకు లోపలి పొరను పట్టుకుని వదలదు. చంద్రమండలం రహస్యం ఇదే. కాబట్టి వారం పదిరోజులు ఫ్రిజ్‌లో ఉన్న గుడ్లు మేలు. ముందురోజు రాత్రి వాటిని పక్కకి పడుకోబెట్టి ఉంచితే పచ్చసొన నడిమధ్యకు వస్తుంది. చెక్కలు అందంగా ఉంటాయి.

రెండోది, గుడ్లను చన్నీళ్ళలో వేసి పొయ్యి ఎక్కించకండి. మెల్లగా వేడెక్కితే తెల్లసొన పొరకు అంటుకుపోతుంది. మరిగే నీళ్ళలో గరిటెతో ఒక్కొక్కటే మెల్లగా దించి, మంట తగ్గించి, పన్నెండు నిమిషాలు ఉంచితే చాలు. పచ్చసొన గట్టిపడడానికి 70 డిగ్రీల సెంటిగ్రేడు సరిపోతుంది. మనం అరగంటసేపు కుతకుత ఉడికిస్తాం. అప్పుడేమవుతుందంటే, తెల్లసొనలోంచి గంధకపు వాయువు పుట్టి, పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఫెర్రస్ సల్ఫైడు అవుతుంది. అదే ఆ ఆకుపచ్చ వలయం. తింటే ప్రమాదం లేదు గాని విందులో పరువు పోతుంది. పన్నెండు నిమిషాలు కాగానే ఐసునీళ్ళలో వేసి, పూర్తిగా చల్లారేదాకా ఉంచాలి. లావుపాటి కొన దగ్గర లోపల గాలిగది ఉంటుంది. అక్కడ కొట్టి, నీళ్ళలోనే ఉంచి ఒలిస్తే పెంకు తేలిగ్గా వస్తుంది.

పన్నెండు గుడ్లు ఇరవైనాలుగు చెక్కలు. పచ్చసొనల్ని జల్లెడలో వేసి గరిటెతో రుద్దితే పిండిలా దిగుతుంది. చేత్తో పిసికితే ఉండలు మిగులుతాయి. దానిలోకి ఆరు పెద్ద చెంచాల మయొనైజ్, రెండు చిన్న చెంచాల ఆవపిండి, రెండు చిన్న చెంచాల వెనిగర్ లేదా నిమ్మరసం, అరచెంచా ఉప్పు, కొంచెం మిరియాల పొడి వేస్తారు. ఆవపిండి దగ్గర ఒక కిటుకు ఉంది. పొడిగా ఉన్నప్పుడు దానికి ఘాటుండదు. చన్నీళ్ళు తగిలాకే దానిలోని ఎంజైము పని మొదలుపెట్టి ఘాటును పుట్టిస్తుంది. అందుకు పది నిమిషాలు పడుతుంది. వేడినీళ్ళు పోస్తే ఆ ఎంజైము చచ్చి చేదే మిగులుతుంది. పులుపు ముందే పోసినా పని మందగిస్తుంది. కనుక ముందు చన్నీళ్ళతో తడిపి పక్కన పెట్టి, ఆ తర్వాతే వెనిగర్ పొయ్యండి.

కారం మాట. అమెరికావాళ్ళ దయ్యం మన నాలుకకు పసిబిడ్డ! పన్నెండు గుడ్లకి వాళ్ళు వేసేది చిటికెడు. మనవాళ్ళకి ఒక చిన్న చెంచా గుంటూరు కారం, రెండు పచ్చిమిరపకాయలు గింజలు తీసి సన్నగా తరిగినవి కావాలి. (మిరపకాయ కూడా అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ ద్వారా మనకి వచ్చిందే. అప్పు తీర్చుకుంటున్నామనుకోండి.) అయితే కలిపిన వెంటనే నాలుక మీద వేసుకుని, "చాల్లేదు" అని మళ్ళీ గుమ్మరించకండి. మిరపకాయ మంటకు కారణమైన క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. పచ్చసొనలో మూడోవంతు దాకా కొవ్వే. అందుకని మంట మొదట అణిగినట్టుండి తర్వాత తెలుస్తుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి అప్పుడు రుచి చూడండి. ఉప్పూ అంతే. చల్లటి పదార్థంలో ఉప్పు కాస్త తక్కువైనట్టు అనిపిస్తుంది.

మయొనైజ్ విషయంలో మాత్రం హాస్యం లేదు. పచ్చి పచ్చసొనలో నూనె చుక్కచుక్కగా చిలికితే అయ్యేది మయొనైజ్. పచ్చిది కాబట్టి సాల్మొనెల్లా క్రిమి ఉంటే అలాగే బతికుంటుంది. జబ్బుపడ్డవాళ్ళ ఫిర్యాదుల దరిమిలా తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చిగుడ్డు మయొనైజ్‌ను ఒక ఏడాదిపాటు నిషేధించింది కూడా. హాస్టలు మిక్సీలో ఇది చెయ్యవద్దు. క్రిములు చచ్చేట్టు శుద్ధిచేసిన గుడ్డుతోనో, గుడ్డే లేకుండానో తయారైన సీసా కొనుక్కోండి. లేదా గడ్డపెరుగును పలచటి గుడ్డలో మూటకట్టి రెండు గంటలు ఫ్రిజ్‌లో చిక్కంలో ఉంచి, నీరు ఓడిన ఆ ముద్దలో ఒక పెద్ద చెంచా నూనె కలిపి వాడండి. ఆవపిండి, కారం, నూనె ఒక్కచోట కలిస్తే ఆవకాయ వాసనే వస్తుంది. అసలు డెవిల్డ్ ఎగ్ ఇది కాదని అమెరికావాళ్ళు అంటే అననివ్వండి.

ఇప్పుడు ఆ రెండో పొరపాటు. మార్చి నెల. మధ్యాహ్నం మూడున్నరకల్లా పళ్ళేలన్నీ సర్ది, షామియానా కింద బల్లల మీద పెట్టేశాం. ఐదింటికి రావలసిన ముఖ్య అతిథి ఏడున్నరకి వచ్చారు. ఉపన్యాసాలు, సన్మానాలు అయ్యేసరికి తొమ్మిది. ఆకలి మీద అందరూ ఎగబడి తిన్నారు, బాగుందని మెచ్చుకున్నారు. తెల్లవారేసరికి పదకొండుమంది సెలైను సీసాల కింద పడుకున్నారు. పరీక్షలు ఇంకా వారం రోజులే ఉన్నాయి. ఒక కుర్రాడు మొదటి పేపరు రాయలేకపోయాడు. ఏ క్రిమి వల్లో ఎవరూ పరీక్ష చేయించలేదు గాని, కారణం వెతకడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పెంకు తీసిన గుడ్డుకి రక్షణ లేదు. నలుగురి చేతులు పడ్డ ముద్ద, దానిలో తేమ, మాంసకృత్తులు, పైన ఎండవేడి. కొన్ని క్రిములు పుట్టించే విషం తిరిగి వేడిచేసినా పోదు. అయినా ఈ వంటకాన్ని వేడిచేసేది ఎవరు?

ఆహార భద్రత తెలిసినవాళ్ళు చెప్పే లెక్క ఇది: ఫ్రిజ్ బయట రెండు గంటలు మించకూడదు. చుట్టూ వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన ఊళ్ళల్లో మార్చి నుంచి జూను దాకా ఒక్క గంటే అని రాసిపెట్టుకోండి. అందుకని పనిని విడదీసుకోవాలి. ముందురోజు గుడ్లు ఉడికించి పెంకుతోనే ఫ్రిజ్‌లో పెట్టండి. విందునాడు చేతులు సబ్బుతో కడుక్కుని ఒలిచి, చెక్కల్ని ఒక డబ్బాలో, ముద్దని పాలిథీను కవరులో వేసి మళ్ళీ ఫ్రిజ్‌లోకి పంపండి. పిలిచినప్పుడు కవరు మూల కత్తిరించి, మెహందీ కోనులా నొక్కుతూ నింపితే ఇరవైనాలుగు చెక్కలకు పదినిమిషాలు చాలు. గుంటల పళ్ళెం లేకపోతే అడుగున కొత్తిమీర పరచండి, చెక్కలు దొర్లవు. ఆ పళ్ళేన్ని ఐసుముక్కలు పోసిన పెద్ద పళ్ళెంలో నిలబెట్టండి. ఒకటి ఖాళీ అయ్యాకే ఇంకొకటి తియ్యండి. గంట దాటి మిగిలినవి ఎంత ముచ్చటగా కనిపించినా పారెయ్యడమే, రాత్రి గదికి పట్టుకెళ్ళి తినే సరదా వద్దు.

నా మటుకు నేను, ముఖ్య అతిథిగారి కారు గేటు దాటి లోపలికి వచ్చిందని ఎవరైనా కళ్ళారా చూసి చెప్పేదాకా ఆ కవరు మూల కత్తిరించను.