యంత్రములోని కవిలెకట్ట

ఈ సాయంకాలము నేను బస్సును గూర్చి ముచ్చటింపదలచితిని. విజయనగరము నుండి రాజామునకు బోవు బస్సు గాదు. కంప్యూటరు లోపల ఒక భాగమునుండి మఱియొక భాగమునకు వార్తలు మోయు తీగలకును ఇంజనీర్లు బస్సు అనియే పేరుపెట్టినారు. 'అందఱి కొఱకు' అను అర్థము గల ఆమ్నిబస్ అను లాటిను పదమే రెంటికిని మూలము.

వ్యాకరణము చెప్పుకొని బ్రతికినవానికి ఈ సంగతితో పనియేమని మీరడుగవచ్చును. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు మన ఉద్దానమునందలి కొబ్బరి, జీడి తోటలు నేలకొఱిగినవి. అటుపిమ్మట నాయొద్ద చదువుకొని హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న శిష్యుడొకడు, తీరమందలి తన స్వగృహమున గాలి ఒత్తిడిని కొలుచు చిన్న పరికరము నొకదానిని స్వయముగా అమర్చినాడు. అది మూడు దినములు మూగనోము పట్టినది. ఆ కథ తెలియవలయునన్న ముందుగా బస్సు సంగతి తెలియవలయును.

1982లో హాలండు దేశపు ఫిలిప్స్ కంపెనీవారు ఐ-టూ-సీ యను బస్సును కల్పించిరి. దానికి తీగలు రెండే. ఒకటి భజనలో తాళములవలె లయ చూపును. రెండవది మాట మోయును. ఆ రెండింటిమీదనే పెక్కు పరికరములు ఆధారపడి యుండును. వానిమీద పెత్తనము బస్సు కంట్రోలరుది. అది ఏడు బిట్లతో ఒక సంఖ్యను పిలుచును. బిట్టనగా గురువో లఘువో అన్నట్లు రెండే రూపములు గల అక్షరము. ఏడక్షరముల ఉష్ణిక్ ఛందమునకు ప్రస్తారమున 128 వృత్తములు వచ్చునట్లే ఏడు బిట్లకు 128 సంఖ్యలు వచ్చును. ఎనిమిదవ బిట్టు 'చెప్పెదవా, వినెదవా' అను ప్రశ్న. తొమ్మిదవ లయకు, ఆ సంఖ్య తనదైన పరికరము మాట తీగను క్రిందికి లాగి 'ఓ' యని పలుకును. ఎవ్వరును లాగకున్న ఆ పేరింట ఎవ్వరును లేరని అర్థము. మన పింగళుని లెక్క ఇంత చిన్న తీగలో మఱల కనబడినందుకు నాకు కలిగిన సంతోషము చెప్పనలవి గాదు.

ఇక యంత్రము మేల్కొనగానే సమస్త భాగములకును అధికారియై లేచునది కెర్నెలు. ఫిన్లాండులో విద్యార్థిగా నున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లైనక్స్ అట్టిది. అది అర్ధరాత్రమున తాలూకాకు క్రొత్తగా వచ్చిన తహసీల్దారు వంటిది. ఊరెక్కడ, చెఱువెక్కడ, ఏమియు నెఱుగదు. పెద్ద కంప్యూటర్లలోని పీ.సీ.ఐ. అను బస్సుమీద చిక్కులేదు. అడిగినంతనే ప్రతి పరికరమును గోత్రము చెప్పి ప్రవర చెప్పుకొన్నట్లు, తన్ను చేసినవారి సంఖ్యను, తన సంఖ్యను చదివి వినిపించును. ఐ-టూ-సీ మీది పరికరములకు ఆ మర్యాద లేదు. తన సంఖ్యను పిలిచిన పలుకును గాని, తాను ఎవరో చెప్పు నియమము వానికి లేదు. చిప్పులోని కంట్రోలరు సైతము తానెక్కడ నున్నదో చెప్పదు.

కావున ఎవరో ఒకరు వ్రాసి యుంచవలయును. ఆ వ్రాతకు డివైస్ ట్రీ యని పేరు. నేను దానిని కవిలె యందును. 1984లో కరణీకములు రద్దయినవి గాని కవిలె అవసరము మాత్రము రద్దు కాలేదు.

అందేమి యుండునో ఒక్క ఉదాహరణము. జైలింక్స్ కంపెనీ (హైదరాబాదునందును దీనికి పెద్ద కార్యస్థానముండెను, 2022లో ఏ.ఎమ్.డి.లో కలిసినది) చేసిన జింక్-7000 చిప్పులో ఇట్టి కంట్రోలర్లు రెండున్నవి. మొదటిదాని పద్దు ఇట్లుండును. జాతి: కేడెన్స్ కంపెనీవారి ఐ-టూ-సీ. స్థానము: ఇ0004000. ఇది 1957 వఱకు సాగిన పదాఱణాల రూపాయివలె పదాఱేసి చొప్పున ఎంచు లెక్క. అందు పదునాలుగును 'ఇ' అను ఆంగ్లాక్షరముతో వ్రాయుదురు. విస్తీర్ణము మన లెక్కకు 4096 గదులు. పని ముగిసినప్పుడు మ్రోగింపవలసిన గంట 25వది. దానికి లయ నిచ్చు గడియారమేదో కూడ వ్రాయుదురు. చిప్పుకు సంబంధించిన మూల కవిలెలో ఇది 'పని చేయదు' అనియే యుండును. తీగలు బయటికి తెచ్చిన బోర్డు యజమాని తన కవిలెలో 'సరి' యని దిద్దుకొనవలయును. దాని క్రింద, తల్లిక్రింద పిల్లలవలె, ఆ బస్సుమీది పరికరముల పద్దులుండును. వానికి ఇంటినెంబరు మాత్రమే, విస్తీర్ణముండదు.

స్థానము తప్పు వ్రాసిన కెర్నెలు పొరుగు పరికరపు గదులలో వ్రాయబోవును. సరిహద్దు తగాదా మనకు తెలియనిదా! కెర్నెలు కవిలెను నమ్మును, వేఱు సాక్ష్యమడుగదు.

పూర్వము ఆర్మ్ జాతి చిప్పుల విషయమున ఈ కవిలె లేదు. ఒక్కొక్క బోర్డునకును ఒక్కొక్క ప్రోగ్రాము కెర్నెలులోనే చొప్పించుచుండిరి. అది పెరిగి పెరిగి 2011లో టోర్వాల్డ్స్ గట్టిగా మందలించెను. అటుపిమ్మట, పవర్ పీసీ యంత్రములలో అప్పటికే వాడుకలో నున్న ఈ వృక్షపద్ధతిని ఆర్మ్ వారును గైకొనిరి. ఇందొక నియమము నాకు మిక్కిలి నచ్చినది. కవిలెలో ఉన్నది ఉన్నట్లు వ్రాయవలయునే గాని కెర్నెలు ఏమి చేయవలయునో వ్రాయరాదు. నేల రేగడి యని వ్రాయుట కరణము పని. అందు చెఱకు వేయుమనుట గాదు. క్రొత్త కెర్నెలు వచ్చినను పాత కవిలెను చదువగలిగి యుండవలయుననుటయు నియమమే. బోర్డు ఎక్కడో తీరమున పదేండ్లు పడియుండునుగదా.

మా శిష్యుని బోర్డులోనిది ఆ జింక్ చిప్పే. పరికరము బాష్ కంపెనీవారి బి.ఎమ్.పి. 280. వాడు తీగలు మార్చినాడు, అతుకులు కరగించి మఱల అతికినాడు, రెండవ పరికరమును కొనితెచ్చినాడు. ఏ ఫలమును లేదు. సంక్రాంతికి వచ్చినవాని ముఖము చూచి నేను, 'తాటాకు ప్రతులు సరిచూచునప్పుడు ఒకడు మూలము చదువును, వేఱొకడు ప్రతి చూచును. అట్లు చేయుదము' అంటిని. కంపెనీవారు అచ్చువేసిన వివరణపత్రము వాడు చదువుచుండగా నేను భూతద్దముతో బోర్డును, కవిలెను పట్టుకొని కూర్చుంటిని. ఆ పరికరమునకు ఒక కాలు గలదు. దానిని విద్యుత్తు తీగకు కట్టిన నెంబరు 119. భూమికి కట్టిన 118. కవిలెలో 119 వ్రాసియున్నది. బోర్డుమీద ఆ కాలు భూమికి కట్టబడియున్నది. మూడు దినములుగా కెర్నెలు ఖాళీ ఇంటి తలుపు తట్టుచుండెను. పరికరము ప్రక్కయింట కూర్చుండి తన పేరు పిలువలేదని ఊరకున్నది!

ఒక్క అంకె దిద్ది యంత్రమును మఱల మేల్కొలిపితిమి. తెరమీద గాలి ఒత్తిడి 1009 మిల్లీబార్లని కనబడెను. వాడు అమ్మను పిలిచెను. నేను నా పంచాంగపు అంచున ఆ సంఖ్యను, తేదీని వ్రాసికొంటిని.