సరిహద్దు దాటొచ్చు.. 'ముప్పై' దాటొద్దు!

* ఒక్క పెద్ద పెగ్గుతోనే పరిమితి దాటుతుంది
* రాత్రి తాగిన మందు తెల్లారినా దిగదు
* మహారాష్ట్రలోనైనా, తెలంగాణలోనైనా ఒకటే చట్టం
* మత్తులో ప్రాణం పోతే రైతు కుటుంబానికి సాయమూ అందదు

నాందేడ్: ఆడపిల్లలను అటు ఇచ్చి, కోడళ్లను ఇటు తెచ్చుకున్న ఊళ్లు మనవి. ధర్మాబాద్ నుంచి బాసరకు, బిలోలి నుంచి బోధన్‌కు, దెగ్లూర్ నుంచి మద్నూర్‌కు, భోకర్ నుంచి భైంసాకు, కిన్వట్ నుంచి ఆదిలాబాద్‌కు రాకపోకలు రోజూ ఉండేవే. పెళ్లయినా, పుట్టు వెంట్రుకలైనా, చివరకు దినమైనా దావత్ తప్పదు. దావత్ అంటే చాలాచోట్ల మందు కూడా తప్పదు. రాత్రి పది దాటాక బండి తీస్తుంటే 'ఇప్పుడెట్ల పోతవ్ బావా, పొద్దుగాల పోరాదు' అనేవాళ్లూ ఉంటారు. 'రెండు పెగ్గులే కదా, ఏం గాదు' అన్నది అందరి నోటా వచ్చే జవాబు. ఆ 'రెండు పెగ్గుల' అసలు లెక్క ఎంతో చాలామందికి తెలియదు.

30 అంటే ఎంత?

మోటారు వాహనాల చట్టం-1988లోని 185వ సెక్షన్ ప్రకారం వాహనం నడిపేవారి రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉండకూడదు. పోలీసులు నాకాబందీలో నోటి దగ్గర పెట్టే బ్రెత్ ఎనలైజర్ మిషన్ చూపించే అంకె ఇదే. 30 దాటితే కేసు. బైకు, ఆటో, కారు, ట్రాక్టర్.. దేనికైనా ఇదే లెక్క. బండి కదలకపోయినా, మత్తులో నడపడానికి ప్రయత్నించడం కూడా ఈ సెక్షన్ కింద నేరమే.

మరి ఎంత తాగితే 30 అవుతుంది? స్వీడన్ శాస్త్రవేత్త విడ్‌మార్క్ చెప్పిన సూత్రంతో ఎవరైనా ఉజ్జాయింపుగా లెక్క వేసుకోవచ్చు. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే 60 మి.లీ. పెద్ద పెగ్గులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 60 కిలోల బరువున్న మగ మనిషి ఖాళీ కడుపుతో తాగితే లెక్క దాదాపు ఇలా ఉంటుంది.

* చిన్న పెగ్గు (30 మి.లీ.): 25
* పెద్ద పెగ్గు (60 మి.లీ.): 50
* స్ట్రాంగ్ బీరు (650 మి.లీ., 8 శాతం): 100
* క్వార్టర్ (180 మి.లీ.): 150

చిన్న పెగ్గుతోనే గీత దగ్గరికి వస్తాం. పెద్ద పెగ్గుతో దాటేస్తాం. బక్కగా ఉన్నవారికి అంకె ఇంకా పెరుగుతుంది. ఒకే బరువున్నా ఆడవారికి మగవారికంటే ఎక్కువ వస్తుంది. కడుపు నిండా తింటే మత్తు కాస్త ఆలస్యంగా ఎక్కుతుంది తప్ప తాగింది మాయం కాదు. అందుకే 30 అన్నది 'ఇంతవరకు తాగొచ్చు' అని సర్కారు ఇచ్చిన కోటా కాదు. తాగితే బండి ముట్టొద్దనే దాని అర్థం.

తెల్లారినా దిగదు

ఎక్కడం తొందరే కానీ దిగడం నిదానం. రక్తంలోని మద్యాన్ని ప్రధానంగా కాలేయమే కరిగించాలి. గంటకు తగ్గేది సగటున 15 అంకెలే. రాత్రి 11 గంటలకు 150 ఉన్న మనిషికి తెల్లవారుజామున 5 గంటలకు ఇంకా 60 దగ్గర ఉంటుంది. 30కి దిగాలంటే 7 అవుతుంది. రాత్రి దావత్‌లో క్వార్టర్ వేసి, కోడి కూయగానే మిర్చి బస్తాలతో ధర్మాబాద్ మార్కెట్‌కు ట్రాక్టర్ కట్టే రైతు 'నిద్ర పోయి లేచిన కదా' అనుకుంటాడు. కానీ మిషన్ లెక్కలో అతడు ఇంకా తాగి ఉన్నట్టే.

నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ల స్నానం, డికాషన్.. ఇవేవీ కాలేయాన్ని తొందరపెట్టలేవు. సోంపు, ఏలకులు, జర్దా నమిలితే వాసన మారుతుందేమో కానీ అంకె మారదు. మిషన్ కొలిచేది ఊపిరితిత్తుల లోపలి నుంచి వచ్చే గాలిని.

ముందు పోయేది అంచనా

తూలడం తర్వాతి మాట. అంతకంటే చాలా ముందే దూరం, వేగం అంచనా తప్పుతుంది. బ్రేకు మీదికి కాలు పోవడం ఆలస్యమవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అర సెకను ఆలస్యమైతే 8 మీటర్లు ముందుకు పోయాకే బ్రేకు పడుతుంది. చెరకు సీజన్‌లో వెనక లైటు లేని ట్రాలీలు, దారికి అడ్డంగా వచ్చే బర్రెలు, మలుపు తిరగగానే వచ్చే వంతెనలు ఉన్న మన రోడ్ల మీద 8 మీటర్లంటే బతుకుకూ చావుకూ మధ్య దూరం.

పరిమితి అన్ని దేశాల్లో ఒకటి కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 80, స్వీడన్‌లో 20. అంకె ఏదైనా ప్రమాదం అక్కడే మొదలవుతుందని కాదు. మొదటి గుక్క నుంచే అది పెరుగుతూ పోతుంది.

కల్లు అయితే?

'కల్లుకు కేసేంది' అనేవాళ్లకు కొదవ లేదు. కల్లులో ఉన్నదీ ఆల్కహాలే. మిషన్‌కు షిందీ, బ్రాందీ తేడా తెలియదు. ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు అయితే ఇంకా ప్రమాదం. మిషన్‌లో అంకె తక్కువ వచ్చినా, బండి మీదే కునుకు పట్టేస్తుంది. 185 సెక్షన్‌లోనే మత్తుమందుల ప్రభావంతో నడిపేవారికీ శిక్ష ఉంది. 2025 జూలైలో హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది.

ఎంహెచ్-26 అయినా అంతే

ఇది కేంద్ర చట్టం. బోధన్‌లో పట్టుబడ్డా, బిలోలిలో పట్టుబడ్డా శిక్ష ఒకటే. 2019 సెప్టెంబర్ 1కి ముందు మొదటిసారి జరిమానా రూ.2 వేలు ఉండేది. ఆ రోజు నుంచి రూ.10 వేలు, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే రూ.15 వేలు, లేదా 2 ఏళ్ల వరకు జైలు, లేదా రెండూ. మిగతా చలాన్ల మాదిరి రోడ్డు మీదే కట్టి పోవడానికి కుదరదు. కోర్టుకు పోవాల్సిందే. అటువైపు పట్టుబడితే అటువైపు కోర్టుకే పని మానుకుని తిరగాలి. ఇలాంటి కేసుల్లో లైసెన్సును కనీసం 3 నెలలు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు రోడ్డు భద్రత కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది. లైసెన్సు ఒక రాష్ట్రంలో ఆగితే దేశమంతా ఆగినట్టే.

112.. ఏడు ప్రాణాలు

2006 నవంబర్ 12 తెల్లవారుజామున ముంబయిలోని బాంద్రా కార్టర్ రోడ్డులో ఓ కారు ఫుట్‌పాత్ మీదికి దూసుకెళ్లింది. రోడ్డు పనులకు వచ్చి అక్కడే నిద్రపోతున్న కూలీల్లో ఏడుగురు చనిపోయారు. కారు నడిపిన యువకుడి రక్తంలో మద్యం 112 మిల్లీగ్రాములుగా తేలింది. పైన చెప్పిన లెక్కలో ఒక్క స్ట్రాంగ్ బీరుకు కాస్త ఎక్కువ, అంతే. హైకోర్టు వేసిన 3 ఏళ్ల జైలు శిక్షను 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ప్రాణాలు పోతాయని తెలిసీ నడిపినందుకు, ఇది కేవలం నిర్లక్ష్యం కింద రాదని చెప్పింది.

'నాది బైకే కదా, పోతే నేనే పోత' అనే మాట కూడా నిజం కాదు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర ఓ బైకు అదుపు తప్పి పడింది. నడిపిన యువకుడు చనిపోయాడు. అతడు మద్యం తాగి ఉన్నట్టు తర్వాత ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకును హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు ఢీకొట్టి ఈడ్చుకెళ్లింది. మంటలు లేచి బస్సులోని 19 మంది సజీవ దహనమయ్యారు.

ఇంట్లోవాళ్లకు మిగిలేది?

ప్రమాదంలో రైతు చనిపోతే మహారాష్ట్ర ప్రభుత్వం గోపీనాథ్ ముండే శేత్కరీ అపఘాత్ సురక్షా సానుగ్రహ అనుదాన్ యోజన కింద కుటుంబానికి రూ.2 లక్షలు ఇస్తుంది. అయితే మత్తులో ఉండగా జరిగిన ప్రమాదానికి ఈ పథకం వర్తించదు. బండి బీమాలోనూ ఇదే షరతు ఉంటుంది. మత్తులో నడిపి పాడుచేసుకున్న బండికి సొమ్ము ఇవ్వక్కర్లేదన్న బీమా సంస్థ వాదనను 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒప్పుకొంది. బ్రెత్ ఎనలైజర్ పరీక్ష జరగకపోయినా ఇతర ఆధారాలతో మత్తును రుజువు చేయొచ్చని కూడా చెప్పింది. ఇంటి పెద్ద పోవడం ఒక దెబ్బ. చేతికి రావాల్సిన సాయం రాకపోవడం రెండో దెబ్బ. మోయాల్సింది మాత్రం భార్యాపిల్లలే.

దావత్‌కు ముందే అనుకోండి

తాగాక తీసుకునే నిర్ణయం మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఎవరు తాగకుండా బండి నడపాలో ఇంటి దగ్గరే తేల్చుకోండి. లేదంటే ఎస్టీ బస్సులో పోండి. దావత్ పెట్టినవాళ్లకూ బాధ్యత ఉంది. మత్తులో ఉన్నవారిని బండి నడపమని ఉసిగొల్పితే అదే శిక్ష వర్తిస్తుందని చట్టంలోని 188వ సెక్షన్ చెబుతోంది. అల్లుడికి ముక్క, మందు పెట్టిన అత్తవారింట్లో ఒక మంచం, ఒక దుప్పటి దొరకకుండా పోవు. తాళంచెవి తీసి దాచినందుకు ఆ రాత్రి బావ కోపం చేసుకుంటాడేమో. పొద్దున చాయ్ తాగి, ఇంకాస్త పొద్దెక్కాక, మత్తు పూర్తిగా దిగాకే ఆయనను సాగనంపండి.