ఫిల్ము బొమ్మ, డిజిటల్ బొమ్మ

ఒకే దృశ్యమును ఫిల్ముపై తీసినచో ఒక విధముగను, డిజిటల్ కెమెరాతో తీసినచో మరియొక విధముగను కనబడునని చాలమంది అందురు. ఫిల్ము బొమ్మలో జీవము కలదనియు, డిజిటల్ బొమ్మ కడిగిన గాజువలె నిర్మలముగ నుండినను కళ తక్కువయనియు పాతతరమువారి మాట. డిజిటల్ వచ్చిన పిమ్మటనే బొమ్మకు స్పష్టత వచ్చినదని క్రొత్తతరమువారి మాట. రెండు మాటలలోను కొంత సత్యము, కొంత అలవాటు కలిసియున్నవి. అలవాటును ప్రక్కకు తీసి సత్యమెంతయో చూచుటకు ఇచట ప్రయత్నించుచున్నాము.

ఇందులకు చక్కని ఉదాహరణ యొకటి కలదు. 2002వ సంవత్సరమున బ్రిటిష్ దర్శకుడు డానీ బాయిల్ '28 డేస్ లేటర్' అను చిత్రమును తీసెను. ఒక మహమ్మారి వలన లండను నగరము నిర్మానుష్యమైనట్లు అందలి కథ. లండను వంటి నగరమున వీధులను తెల్లవారుజామున కొద్దిసేపు మాత్రమే ఆపించుటకు వీలగును. అంత తక్కువ వ్యవధిలో పెద్ద ఫిల్ము కెమెరాను ఒకచోటినుండి మరియొకచోటికి మార్చుచు తీయుట కష్టము. అందుచేత ఛాయాగ్రాహకుడు ఆంథొనీ డాడ్ మాంటిల్ చేతిలో ఇముడు కానన్ ఎక్స్‌ఎల్-1 వీడియో కెమెరాలను పలుచోట్ల ఒకేసారి నిలిపి పని సాగించెను. చిత్రాంతమున వచ్చు పచ్చని పల్లె దృశ్యములను మాత్రము 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై తీసిరి. కనుక ఒకే చిత్రమున, ఒకే ఛాయాగ్రాహకుని చేతిమీదుగా, రెండు విధములైన బొమ్మలు మనకు లభించుచున్నవి. లండను దృశ్యములలో దూరపు కిటికీలు అలుకుకొనిపోయి, భవనముల అంచులు రంపపు పళ్లవలె కనబడును. చివరి దృశ్యములకు వచ్చుసరికి కంటికి కట్టిన గంత విప్పినట్లుండును.

ఆ చిన్న కెమెరా బొమ్మను అడ్డముగ 720, నిలువుగ 576 చుక్కలుగ నమోదు చేయును. మొత్తము నాలుగు లక్షల పదునాలుగు వేల చిల్లర. వెలుతురు ఎంతయున్నదో ప్రతి చుక్కకును వ్రాసికొనును గాని, రంగు సంగతి నాలుగు చుక్కలకు ఒక్కసారి మాత్రమే వ్రాసికొనును. ఆ మీదట టేపుపై చోటు చాలుటకై ఆ సమాచారమునంతను సుమారు ఐదవ వంతునకు కుదించును. బొమ్మ పడు ఫలకమైనను ఎంత? 35 మిల్లీమీటర్ల ఫిల్ములోని ఒక్కొక్క చట్రపు వైశాల్యమున అది 20వ వంతునకు మించదు. ఇంత చిన్న ఫలకముపై దగ్గరి వస్తువును, దూరపు వస్తువును ఒకే స్పష్టతతో పడును. నాయిక ముఖము స్పష్టముగ నిలిచి వెనుకనున్న తోట మెత్తగ కరగిపోవు ఆ 'సినిమా చూపు' రాకపోవుటకు కారణమిదియే. అంతియేగాని డిజిటల్ పద్ధతిలోనే ఆ లోపము కలదనుట సరికాదు.

ఇక ఫిల్ము సంగతి. పారదర్శకమైన పట్టీపై జెలటిన్ పూతయు, ఆ పూతలో లెక్కకు మిక్కిలిగ వెండి లవణముల స్ఫటికములును ఉండును. వెలుతురు సోకిన స్ఫటికము రసాయన ద్రవమున తడిసినప్పుడు లోహపు వెండిగా మారి నల్లనగును. సోకని దానిని వేరొక ద్రవము కరగించి తొలగించును. రంగుల ఫిల్ములో నీలమునకు, ఆకుపచ్చకు, ఎరుపునకు వేర్వేరు పూతలుండును. వెండి ఏర్పడినచోట రంగు పుట్టి, ఆపైన వెండి కడుగబడి, రంగుమచ్చలు మాత్రము మిగులును.

డిజిటల్ కెమెరాలో ఫిల్ము ఉండవలసిన చోట సిలికాన్ ఫలకముండును. దీనికి మూలమైన సి.సి.డి. అను సాధనమును 1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీలలో విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అనువారు కల్పించిరి. నలుబది యేండ్ల తరువాత, 2009లో, ఆ కృషికి భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానములో పాలుపంచుకొనిరి. ఈ ఫలకమునకు వెలుతురే గాని రంగు తెలియదు. పాత వీడియో కెమెరాలు పట్టకముతో వెలుతురును మూడు పాయలుగ చీల్చి మూడు ఫలకములపై పడవేసెడివి. నేటి కెమెరాలు చాలవరకు ఒకే ఫలకముతో పని జరుపుకొనుచున్నవి. కొడక్ కంపెనీ శాస్త్రజ్ఞుడు బ్రైస్ బేయర్ 1970లలో కల్పించిన ఏర్పాటు ప్రకారము ప్రతి నాలుగు గళ్లలో రెంటికి ఆకుపచ్చ పొర, ఒకదానికి ఎరుపు పొర, ఒకదానికి నీలపు పొర అమర్చుదురు. ఏ గడికైనను స్వయముగ తెలిసినది ఒక్క రంగే. తక్కిన రెండును ఇరుగుపొరుగు గళ్లను అడిగి తెలిసికొన్నట్లు లెక్కకట్టవలసినవే. అంగడిలో చెప్పు చుక్కల సంఖ్యలను ఈ సంగతి తెలిసి వినవలెను.

మన ముంగిళ్లలో ముగ్గు వేయుటకు ముందు చుక్కలు పెట్టుదురు గదా. డిజిటల్ ఫలకము అట్టిది. వరుస తప్పదు, ఎడము మారదు. ఫిల్ము ఇసుక చల్లిన నేలవంటిది. పైగా ప్రతి చట్రమునకు ఇసుక క్రొత్తగ చల్లినట్లే. సెకనుకు 24 చట్రములు కదలిపోవుచుండగా మన కన్ను వాటినన్నిటిని కలుపుకొని, ఏ ఒక్క చట్రమున లేని సూక్ష్మ వివరమునుగూడ గ్రహించును. తెరపై సన్నగ కదలాడు ఆ నలుసులనే కొందరు జీవమని పిలుచుచున్నారు. చుక్కల వరుసకు మరియొక చిక్కు కలదు. సన్నని చారల బట్ట ఆ వరుసపై పడినచో బట్టలో లేని వంకర గీతలు తెరపై పుట్టి తళతళలాడును. టెలివిజన్ కార్యక్రమములకు వచ్చువారిని సన్నచారల చొక్కాలు తొడిగికొని రావలదని కోరుట ఇందుకొరకే. రేడియోకు ఏ చొక్కాయైనను ఒకటే.

అసలు భేదము వెలుతురును పట్టుకొను తీరులో నున్నదని మా అభిప్రాయము. వానలో పెరట వరుసగ కుండలు పెట్టితిమనుకొందము. కుండ నిండువరకు ఎంత వాన కురిసినదో ఖచ్చితముగ కొలువవచ్చును. నిండిన తరువాత రెండింతలు కురిసినను, పదింతలు కురిసినను కుండకు తెలియదు. సిలికాన్ ఫలకములోని ప్రతి గడియు అట్టి కుండ. అందుచేతనే తొలినాటి వీడియో బొమ్మలలో ఎండలోని తెల్ల పంచె మడతలు లేని అట్టముక్కవలె కనబడెడిది. ఫిల్ము పొడిగుడ్డవంటిది. మొదట నీటిని గబగబ పీల్చును. తడిసినకొలది పీల్చుట మందగించునే గాని ఒక్కసారిగ ఆగదు. సూర్యుని చుట్టును మేఘపు అంచులు ఫిల్ముపై నిలుచుట దీనివలననే.

మా వృత్తిలోనివారికి ఇది క్రొత్త సంగతి కాదు. ధ్వనిముద్రణమున అయస్కాంతపు టేపు వాడిన దినములలో గాయకుడు హఠాత్తుగ గొంతెత్తినను టేపు ఆ హెచ్చును కొంత మెత్తబరచి సర్దుకొనెడిది. డిజిటల్ ముద్రణలో హద్దు దాటిన ధ్వని తల తెగినట్లు తెగి కరకరమనును. చెవికి నిజమైనది కంటికిని నిజమే. చీకటివైపు మాత్రము కథ తారుమారగును. ఫిల్ముకు వెలుతురు తక్కువైనచో నీడలలో నలుసులు తప్ప మిగులునది తక్కువ. డిజిటల్ ఫలకము ఆ నీడలలో చీర అంచునుగూడ చూపగలదు. 1975లో వచ్చిన 'బారీ లిండన్' చిత్రమున కొవ్వొత్తుల వెలుగున తీయుటకై దర్శకుడు స్టాన్లీ కూబ్రిక్, అంతరిక్ష సంస్థయగు నాసా కొరకు తయారైన జైస్ లెన్సును తెప్పించి కెమెరాకు అమర్చుకొనవలసివచ్చెను. 2004లో మైకేల్ మాన్ 'కొలేటరల్' చిత్రమును పెక్కు భాగము డిజిటల్ కెమెరాలతో తీసి లాస్ ఏంజెలెస్ నగరపు రాత్రి ఆకాశమును తెరకెక్కించెను. దీపములు మబ్బులపై ప్రతిఫలించి ఎర్రబారిన ఆ ఆకాశము నాటి ఫిల్ముకు అందని వస్తువు.

డిజిటల్ కెమెరాలు ఎదిగిన తీరును క్లుప్తముగ చెప్పెదము. 2002లోనే జార్జి లూకాస్ 'స్టార్ వార్స్' రెండవ భాగమును సోనీ కెమెరాతో, 1920 అడ్డు 1080 నిలువు చుక్కలతో, సెకనుకు 24 చట్రముల చొప్పున తీసెను. 2007లో రెడ్ కంపెనీ నాలుగు వేల చుక్కల వెడల్పుగల కెమెరాను తెచ్చెను. బొంబాయి వీధులలో అధిక భాగము డిజిటల్‌గా తీసిన 'స్లమ్‌డాగ్ మిలియనేర్' 2009లో ఛాయాగ్రహణమునకు ఆస్కార్ పొందెను. తీసినవాడు ముందు చెప్పిన డాడ్ మాంటిలే. 2010లో వచ్చిన ఆరి అలెక్సా కెమెరా చుక్కలు రెడ్ కన్న తక్కువ, వెడల్పున 2880 మాత్రమే. అయినను ఛాయాగ్రాహకులు దానివైపే మొగ్గిరి. ఏలననగా దాని కుండలు పెద్దవి. మిక్కిలి చీకటికిని, మిక్కిలి వెలుతురునకును నడుమ 14 మెట్లు, అనగా ఒకటికి పదునారు వేల రెట్ల తేడాను, అది పట్టుకొనునని తయారీదారుల లెక్క. తెల్ల పంచెకు మడతలు తిరిగి వచ్చినవి. మన 'బాహుబలి' మొదటి భాగము (2015) తీసినదియు అలెక్సాతోనే. చుక్కల సంఖ్యనుబట్టి కెమెరా మంచిచెడ్డలు నిర్ణయించువారు ఈ ముచ్చటను గమనింపవలెను.

ఫిల్మును పొగడువారు మరచు సంగతి యొకటి కలదు. కెమెరాలో తిరిగిన నెగటివు నిజముగ అద్భుతమైనదే. కాని ప్రేక్షకుడు దానినెన్నడును చూడలేదు. దానినుండి ఒక ప్రతి, ఆ ప్రతినుండి మరియొక నెగటివు, దానినుండి హాలుకు పంపు ప్రతి - ఇన్ని చేతులు మారునప్పటికి సూక్ష్మవివరము చాలవరకు హరించిపోవును. ఆ ప్రతియైనను పట్టణపు హాళ్లలో తిరిగి తిరిగి మన ఊరి టూరింగు టాకీసుకు చేరునప్పటికి తెరపై వాన కురిసినట్లు గీతలు, అచటచట తెగి అతికిన ముక్కలు! డిజిటల్ ప్రదర్శనమున మొదటి ఆటయు నూరవ ఆటయు ఒకటే. గ్రామీణ ప్రేక్షకునికి డిజిటల్ చేసిన మేలు ఇదియని మాకు తోచుచున్నది. స్పష్టతను గూర్చిన వాదములలో దీనిని తలచువారు తక్కువ.

ఇంటిలోని టెలివిజనును గూర్చి ఒక్కమాట. సినిమా సెకనుకు 24 బొమ్మలు. పాత టెలివిజన్ పద్ధతిలో మన దేశమున సెకనుకు 50 సగము బొమ్మలు. కదలిక నునుపుగ నుండుటచేత అది 'సీరియల్ చూపు'గ మన కన్నులకు అలవాటైనది. క్రొత్త టెలివిజన్లలో పెక్కు రెండు బొమ్మల నడుమ లేని బొమ్మను కల్పించి చేర్చు ఏర్పాటుతో వచ్చుచున్నవి. దానివలన ఎంత గొప్ప చిత్రమైనను సీరియల్‌వలె కనబడును. సెట్టింగులలో దానిని వెదకి ఆపివేసినచో సినిమా తిరిగి సినిమాయగును.

ఫిల్ము అంతరించినదా? లేదు. ఫ్యూజీ కంపెనీ 2013లో సినిమా ఫిల్ము తయారీని మానుకొన్నను కొడక్ మానలేదు. 2023లో వచ్చిన 'ఓపెన్‌హైమర్' చిత్రమును పెద్ద పరిమాణపు ఫిల్ముపైననే తీసిరి. అందులకై కొడక్ వారు 65 మిల్లీమీటర్ల నలుపు-తెలుపు ఫిల్మును ప్రత్యేకముగ తయారుచేసి ఇచ్చిరి. అంత పెద్ద చట్రము ముందు స్పష్టతలో డిజిటల్‌కు నేటికిని గట్టి పోటీయే. 2021 నాటి 'డ్యూన్' చిత్రము మరియొక వింత: డిజిటల్‌గా తీసి, ఫిల్ముపై ముద్రించి, ఆ ఫిల్మును మరల డిజిటల్‌గా మార్చిరి. ఫిల్ములోని ఆ మెత్తదనము కొరకే యింత శ్రమ. డానీ బాయిల్ బృందము 2025లో '28 ఇయర్స్ లేటర్' చిత్రమునకు ఐఫోనులను పెక్కుచోట్ల వాడుట చూడగా, చేతిలోని ఫోను ఆ నాటి ఎక్స్‌ఎల్-1ను ఎంత దూరము దాటివచ్చినదో తెలియుచున్నది.

అన్నిటికంటె బరువైన ప్రశ్న నిలువ ఉండుటను గూర్చినది. అమెరికాలోని ఆస్కార్ అకాడమీ 2007లో ప్రకటించిన నివేదిక ప్రకారము ఒక చిత్రపు మూలప్రతిని ఫిల్ముపై భద్రపరచుటకు ఏటికి 1,059 డాలర్లు, నాలుగు వేల చుక్కల డిజిటల్ రూపమున భద్రపరచుటకు 12,514 డాలర్లు. ఆ పిమ్మట నిలువ చేయు ఖర్చు తగ్గినను చిక్కు తీరలేదు. డిస్కు చెడును, చెడకున్నను దానిని చదువు యంత్రము మారిపోవును, కొన్నేండ్లకొకసారి క్రొత్తదానిలోనికి ఎత్తిపోయకతప్పదు. ఫిల్ము చల్లని, పొడి గదిలో నుంచినచో నూరేండ్లు నిలుచును. 1957లో మార్కస్ బార్ట్లే నలుపు-తెలుపులలో చిత్రించిన 'మాయాబజార్'కు 2010లో రంగులు దిద్దగలిగిరన్నచో ఆ ఫిల్ము మిగిలియుండుట వలననే. అశ్రద్ధ చేసినచో ఫిల్మైనను దక్కదు. మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' (1931) ప్రతి ఒక్కటియు నేడు లేదు. మన వేడికి, తేమకు పాత ఫిల్ము పులిసి వినెగరు వాసన కొట్టుచు ముడుచుకొనిపోవును.

ఈ ప్రశ్న మన ఇండ్లలోను ఉన్నది. 1990లలోని పెండ్లి వీడియోలు పెక్కు ఇండ్లలో బీరువా అడుగున వి.హెచ్.ఎస్. టేపులుగ పడియున్నవి. ఆ టేపులను ఆడించు యంత్రములను చివరివరకు తయారుచేసిన జపాను కంపెనీ ఫునాయి 2016లో ఆ పని మానివేసెను. టేపుపైని అయస్కాంతపు పూత ఏటేట బలహీనపడుచుండును. ఆడించు యంత్రము దొరకు నేడే వానిని డిజిటల్ రూపమునకు మార్పించి, రెండు డిస్కులలో నకళ్లు తీయించి, ఒకదానిని వేరొక ఊరిలోని బంధువుల యింట ఉంచుట మేలు. నకలు చేతికి వచ్చినదిగదాయని పాత టేపును గాని, ఫొటోల నెగటివులను గాని పారవేయవలదు. ముందు ముందు ఇంతకన్న మంచి యంత్రములు వచ్చినప్పుడు మరల ఎత్తి వ్రాయుటకు అవియే కావలసియుండును.