నడి ఏటిలో నిబ్బరం

అది 2017 నవంబరు 12, కార్తీక మాసపు ఆదివారం. విజయవాడకు ఎగువన ఇబ్రహీంపట్నం వద్ద, గోదావరి జలాలు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం సమీపంలో యాత్రికుల పడవ ఒకటి బోల్తా పడింది. ఇరవై మందికి పైగా మరణించారు. ఆ పడవకు అనుమతి లేదు. పరిమితికి మించి జనం ఎక్కారు. పలువురికి లైఫ్ జాకెట్లు లేవు. తుపాను లేని సాయంకాలమే ఇంతటి అనర్థం జరిగితే, గాలివాన వేళ సంగతి ఊహించవచ్చు.

అసలు పడవ ఎందుకు బోల్తా పడుతుంది? బరువు అడుగున ఉన్నంతవరకు, ఒరిగిన పడవ తిరిగి నిలదొక్కుకుంటుంది. జనం లేచి నిలబడగానే ఆ బరువు పైకి జరుగుతుంది. అల తాకిన వైపు నుండి భయంతో అందరూ రెండవ వైపుకు పరుగెత్తితే, గాలి చేయలేని పనిని ప్రయాణికులే పూర్తి చేస్తారు. పడవలో చేరిన నీటి స్వభావమూ ఇటువంటిదే. అది ఒరిగిన వైపుకే దొర్లి, ఒరుగును మరింత పెంచుతుంది. కనుకనే పడవవారు నీటిని ఎప్పటికప్పుడు తోడిపోస్తారు. ఇక ప్రయాణికుడు చేయగల సహాయం చూడబోతే చాలా చిన్నది: ఉన్నచోటనే, వీలైతే పడవ అడుగున, కదలక కూర్చోవడం. భయం పుట్టినపుడు అంతకంటె కష్టమైన పని మరొకటి లేదు.

తక్కిన భారం పడవ నడిపేవానిది. పడవ ముందుభాగాన్ని అణియమని, వెనుకభాగాన్ని అమరమని అంటారు. పెద్ద అలకు అణియం ఎదురుగా, కొంచెం ఏటవాలుగా ఉండాలి. పక్కకు తగిలిన అల పడవను దొర్లిస్తుంది. వేగం తగ్గించాలి గాని యంత్రాన్ని ఆపివేయరాదు. చలనం లేని పడవ చుక్కానికి లోబడదు, అలకు అడ్డం తిరుగుతుంది.

ఈత వచ్చినవారు లైఫ్ జాకెట్టును చిన్నచూపు చూడటం కద్దు. తడిసిన చీరో పంచో కాళ్లకు చుట్టుకున్నపుడు ఆ ఈత ఎంతవరకు అక్కరకు వస్తుంది? పట్టీలు బిగించని జాకెట్టు నీటిలో తలమీదుగా జారిపోతుంది. బోల్తా పడిన కొయ్యపడవ చాలావరకు తేలుతూనే ఉంటుంది. ఒడ్డు దగ్గరగా కనిపించినా, సహాయం అందేవరకు పడవనే పట్టుకొని ఉండటం మేలు. నీటిపై దూరాలు కంటిని మోసగిస్తాయి.

సముద్ర తీరాన లెక్క వేరు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచి వేలాదిమందిని బలిగొన్నది. అట్టి గాలిలో ఎంతటి నేర్పూ పనికిరాదు. అక్కడ జాగ్రత్త పడవ కదలకముందే మొదలు కావాలి.

ఓడరేవులలో ఎగురవేసే ప్రమాద సూచికలు 1 నుండి 11 వరకు ఉన్నాయి. పగలు శంకువులు, స్తూపాల వంటి ఆకారాలను, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలను వాడతారు. 8, 9, 10 మహా ప్రమాద సూచికలు. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. మచిలీపట్నం రేవులో రెండవ నంబరు సూచిక ఎగురవేశారని పత్రికలలో చదివినపుడు, చిన్న అంకె కదా అని కొందరు ఉపేక్షిస్తారు. నిజానికి దూరసముద్రంలో తుపాను ఏర్పడిందని, రేవు విడిచి వెళ్లే ఓడలకు అపాయం పొంచి ఉందని చెప్పేది ఆ రెండవ నంబరే. పెద్ద అంకెలు తుపాను రేవును సమీపించినపుడు వెలువడతాయి. గిలకలదిండి నుండి వేటకు బయలుదేరిన పడవ అప్పటికే నడిసంద్రంలో ఉంటుంది.