కట్టడాన్ని ఆధారంగా చదవడం: ఎల్మినా కోట

చారిత్రక ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, పత్రాలు గుర్తుకొస్తాయి. కట్టడాన్ని కూడా పత్రంలాగే చదవవచ్చు. ఉదాహరణకు పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా తీరాన ఉన్న ఎల్మినా కోటను పరిశీలిద్దాం. నేడు సందర్శకులు దీన్ని లోపలికి వెళ్లి చూడవచ్చు.

చేతులు మారిన కోట

పోర్చుగీసువారు 1482లో బంగారం వ్యాపారం కోసం ఈ కోట కట్టారు. 'మినా' అంటే గని. తొలి రోజుల్లో వారు ఇతర తీరాల నుంచి బానిసలను ఇక్కడికి తెచ్చి, స్థానిక వర్తకులకు అమ్మి, బంగారం తీసుకునేవారు. తరవాత అమెరికా ఖండాల్లో తోటలు విస్తరించాయి. వాటిలో పనికి బానిసల గిరాకీ పెరిగి, వ్యాపారం దిశ మారింది. 1637లో డచ్చివారు ఎదుటి కొండపైకి ఫిరంగులు ఎక్కించి కోటను పట్టుకున్నారు. వారి కాలంలో ఇది బందీలను ఓడలకెక్కించే ముఖ్య కేంద్రమైంది. 1814లో డచ్చి ప్రభుత్వం బానిస వ్యాపారాన్ని నిషేధించింది. 1872లో కోట బ్రిటిషువారి వశమైంది. 1896లో వారు అసాంటే రాజు మొదటి ప్రెంపేను ఇక్కడే నిర్బంధించారు.

గోడలు చెప్పే సాక్ష్యం

మీరు లోపలికి వెళ్లారనుకోండి. పైన గవర్నరు గదులకు గాలి, వెలుతురు ధారాళంగా వస్తాయి. కింద చీకటి కొట్లున్నాయి. ఓడ వచ్చేదాకా వారాలు, ఒక్కోసారి నెలల తరబడి బందీలను అక్కడే కుక్కేవారు. స్త్రీల కొట్ల ముందరి ఆవరణ గవర్నరు వసారాలోకి కనిపిస్తుంది. సముద్రం వైపు ద్వారం ఎంత ఇరుకంటే, మనుషులు ఒక్కొక్కరుగానే దాటగలరు.

పైన ఉన్నవారు ఉత్తరాలు, లెక్కలు రాసుకున్నారు. ఆ లెక్కల్లో బందీలు సాధారణంగా అంకెలే, పేర్లు కావు. కింద ఉన్నవారి గురించి అంకెలకు మించి చెప్పేవి ఈ గోడలే. అందుకే కోట పటం కూడా మనకు ఆధారమవుతుంది.

మనతో సంబంధం

ఆఫ్రికా తీరంలో బందీలను కొనడానికి ఐరోపావారు ఇచ్చిన సరుకుల్లో తుపాకులు, మద్యంతో పాటు భారతీయ నూలు బట్టలూ ఉన్నాయి. వాటిలో కోరమండల్ తీరపు నేత కూడా ఉంది. మనిషి వెలలో మన మగ్గం బట్టా ఒక భాగమైంది.

1979లో యునెస్కో ఎల్మినాతో సహా ఘనా తీరపు కోటలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అభ్యాసం: మీ ఊరికి దగ్గరలోని కోటకో, పాత బంగళాకో వెళ్లండి. యజమాని ఉన్న చోటు, పనివారు నడిచిన దారి గుర్తించి పటం గీయండి. వీరిలో ఎవరి గురించి రాతలు దొరుకుతున్నాయి? ఎవరి గురించి గోడలే చెప్పాలి?